ఇర్మె గాదె, పడమటి గోడ

ఒక్క నిమిషం పని మేడమ్, అంటున్నాడు స్టూడియో ఉమేష్. చెయ్యి మౌస్ మీదే ఉంది. నేను ఆగమన్నాను కనుక ఆగాడు, కానీ అది ఆగిన చెయ్యిలా లేదు, బెల్లు కోసం చెవులు రిక్కించి బల్ల అంచున కూర్చున్న నాలుగో తరగతి పిల్లవాడిలా ఉంది. తెర మీద గోడ ఉంది. మా ఊరి ఇర్మె వాళ్ళ గాదెకు పడమటి గోడ. వెదురు అల్లి, మట్టీ పేడా కలిపి పూసి, నేల తేమ తగలకుండా రాళ్ళ మీద నిలబెట్టిన చిన్న ఇల్లు అది, మనుషులు ఉండరు, వడ్లు ఉంటాయి. సాయంత్రపు ఎండ పడి గోడంతా ఎండిన ఇప్పపువ్వు రంగులో ఉంది. పూసినప్పటి ఇర్మె వేళ్ళ గీతలు విసనకర్రల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆ గీతల మీద, కుడివైపున, ఒక నీడ. కింద నేల మీద పడుకుని వచ్చి, గోడ దగ్గర లేచి నిలబడ్డ నీడ. రెండు మోచేతులూ బయటికి వచ్చి, తల కాస్త ఎడమకు వాలి, ముఖం ముందు ఏదో పట్టుకున్న మనిషి. అది మా అమ్మాయి రామతులసి. ఫోటో తీసిందీ తనే. పోయిన కోతల కాలంలో తీసింది. ఇప్పుడు తను లేదు.

జగదల్‌పూర్‌లో పల్లె కట్టడాల ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. ఆ కమిటీ వాళ్ళ వ్యాను భోజనాల వేళ దాటాక ఈ స్టూడియోకు వస్తుంది, గీదంలో అచ్చయిన ఫోటోలన్నీ ఎక్కించుకుని పోతుంది. నీడ తీసేస్తే మా అమ్మాయి ఫోటో వ్యాను ఎక్కుతుంది, హాలు గోడ మీద తన పేరుతో వేలాడుతుంది. నీడ ఉంటే ఎక్కదు. విషయం ఇంతే. ఇంత చిన్న విషయానికి నేను బడికి సెలవు పెట్టి, ఇర్మెను వెంటబెట్టుకుని, మద్దేడ్ నుంచి పొద్దున్నే బస్సెక్కి, బీజాపూర్‌లో మారి, ఇక్కడికొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆగు అంటున్నాను. ఎందుకాగాలో ఉమేష్‌కు చెప్పలేదు. చెప్పడానికి నాకూ సరిగ్గా తెలియదు. ఏడవడానికి మాత్రం రాలేదు. నన్ను చూడగానే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళను చూసి చూసి విసుగొచ్చింది, ఉమేష్ తగ్గించలేదు, అందుకు ఈ కుర్చీలో ఇంకాస్సేపు కూర్చోవచ్చనిపిస్తోంది. టీ తాగండి మేడమ్, చల్లారితే మా టీ మందులా ఉంటుంది, అన్నాడు. తెలుగు ఎక్కడ నేర్చుకున్నావు అంటే, బచేలిలో మా ఉస్తాద్ రాజమండ్రి ఆయన, తిట్లతో మొదలుపెట్టి నేర్పాడు, మంచి మాటలు తర్వాత సొంతంగా నేర్చుకున్నాను, అన్నాడు.

రామతులసి ఉంటే నవ్వేది. నవ్వి, అతని వెనక గోడకు వేలాడుతున్న జలపాతం పరదాను, దాని ముందు సోఫాను, సోఫాకున్న బంగారు రంగు కాళ్ళను చూసి, అమ్మా వీటిలో మనుషులు నిజంగా కూర్చుంటారా అని చెవిలో అడిగేది. మనుషుల ఫోటోలు తను తీయలేదు. మనుషులను అందరూ తీస్తారు, ఫోను ఉన్న ప్రతివాడూ తీస్తాడు, వడ్లు ఎక్కడ పడుకుంటాయో ఎవరు తీస్తారు, అనేది. గాదెలు, పశువుల కొట్టాలు, మిరప కళ్ళాల పక్కన కావలి గుడిసెలు, చేలల్లో మంచెలు, చీకటి పడితే కోళ్ళను మూసే గూళ్ళు, పందుల దొడ్లు. సర్వేకు వచ్చినవాళ్ళు ఇళ్ళు రాసుకుని వీటిని దాటుకుని పోతారు. ఇవి ఎవరికీ కట్టడాలు కావు. ఊళ్ళోవాళ్ళకూ అంతే, వడ్లు కళ్ళం నుంచే కొనుగోలు కేంద్రానికి పోవడం మొదలయ్యాక గాదెల్లో ఎలుకలకు కూడా పని లేకుండా పోయింది, కొందరు అందులో మోటారు సైకిలు పెట్టుకున్నారు. ఆ మోటారు సైకిలు ఉన్న గాదెను కూడా తీసింది, తలుపు కొంచెం తీసి, చీకట్లో హ్యాండిల్ ఒక్కటే మెరిసేలా. మా ఆయన వెంకన్న భోజనం దగ్గర అనేవాడు, గోడలకు ఫోటోలు తీసే పిల్లను ఎవడు చేసుకుంటడే అని. గోడ కట్టినోడు చేసుకుంటడు నాయినా, అనేది ఇది, తల ఎత్తకుండా. ఆ మాటకు ఆయన అన్నం మధ్యలో నవ్వి పొలమారిన రోజు గుర్తుంది. ఇప్పుడు భోజనం దగ్గర మేము నీళ్ళు అందించుకుంటాం, మజ్జిగ అందించుకుంటాం. ఇద్దరమూ మర్యాదస్తులమైపోయాం.

కరెంటు ఉన్న సాయంకాలాలు ఆ పాత లాప్‌టాప్ ముందు నన్ను కూర్చోబెట్టి నేర్పింది. నేర్చుకో అమ్మా, నువ్వు రిటైరయ్యాక నాకు అసిస్టెంటువి, అని. ఒక పరికరం ఉంది, దాన్ని స్టాంపు అనేది. గోడ మీద ఎక్కడైనా అక్కరలేనిది ఉంటే, పక్కన బాగున్న మట్టిని ఎత్తుకుని దాని మీద పూయడం. ఇర్మె చేసే పనే ఇది అనేది, ఆమె వానాకాలం ఒరిసిపోయిన చోట కొత్త మట్టి పూస్తుంది, నేను ఎలుక తొలిచిన చోట పాత మట్టి పూస్తాను. మొదట్లో అన్నీ తీసేసేది. కరెంటు తీగలు, సోలార్ పలక, కప్పు మీద నీలం టార్పాలిన్. ఫోటోలు చల్లగా, ఖాళీగా, ఎవరో కడిగి ఆరబెట్టినట్టు ఉండేవి. తర్వాత ఒక రోజు టార్పాలిన్‌ను తిరిగి పెట్టింది. ఏమే అంటే, అది లేకపోతే వాన పడితే వడ్లు తడుస్తాయి కదా, ఫోటోలో అయినా, అంది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకుంది. గాదెవాళ్ళు పెట్టినవన్నీ ఉండాలి, నేను తెచ్చినవన్నీ పోవాలి. తన సంచి, నీళ్ళ సీసా, తన చెప్పుల గుర్తులు, ఏవి ఫ్రేములో పడ్డా తీసేసేది. తన నీడ కూడా. వేరే ఫోటోల్లో నీడ అంచు ఏ కాస్త పడ్డా చేత్తో దోమను తోలినట్టు తోలేసేది. అందుకే ఈ ఫోటో చూసిన మొదటి రోజు నుంచీ నాకు అర్థం కానిది ఒకటే. ఇంత జాగ్రత్త గల పిల్ల, ఇంత పెద్ద నీడను గోడ నడిమిదాకా ఎలా పడనిచ్చింది.

బిగినర్స్ మిస్టేక్, అన్నాడు కమిటీలో సారు. నిన్న ఫోను చేశాడు. బహుత్ సుందర్ హై మేడమ్, బస్, ఫోటోగ్రాఫర్ కీ పర్‌ఛాయీ ఆ గయీ హై, హటవా దీజియే. చెడ్డవాడు కాదు. మెత్తగా మాట్లాడాడు, మీ అమ్మాయి లాంటివాళ్ళు ముందుకు రావాలి అన్నాడు, ఆ మాట అన్నాక గుర్తొచ్చి కాసేపు ఆగాడు. ఫోటో తీసినవాళ్ళ నీడ పడడం కొత్తవాళ్ళు చేసే తప్పు, తీసేయించండి, లేకపోతే ఎంపిక చేసేవాళ్ళు ఒప్పుకోరు. తప్పు అన్న మాట విని నాకు కోపం రాలేదు, అలవాటు, ఆ మాట మీదే నా జీతం నడుస్తోంది. ఇన్నేళ్ళుగా పిల్లల పుస్తకాల్లో ఎర్ర సిరాతో గీతలు గీస్తున్నాను. ఇంట్లో దోర్లీ, వీధిలో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ మాట్లాడే పిల్లలు రాసే ఏ వాక్యంలోనైనా తప్పు దొరుకుతుంది, వెతికితే. ఈ మధ్య గీయడం తగ్గించాను. ఒక పిల్ల వ్యాసంలో, మా ఆవు నాతో కోపంగా మాట్లాడదు అని రాస్తే, గీత గీయబోయి ఆగి, ఆ వాక్యం వైపు చాలాసేపు చూశాను.

ఉమేష్ తెర మీద పక్కనున్న పని తెరిచాడు, నన్ను తొందరపెట్టకుండా. ఎవరో పెళ్ళికూతురు. బుగ్గల మీద మౌస్ తిప్పుతుంటే అవి తెల్లబడుతున్నాయి. అందరినీ తెల్లగా చేస్తాను మేడమ్, మా వదినను కూడా చేశాను, ఇంటికొచ్చి ఎండలో చూసి మా అన్న నామీద అరిచాడు, అన్నాడు. నవ్వాలని నాకు తెలుసు, నవ్వాను కూడా, కానీ నా కళ్ళు ఆ బుగ్గల మీదే ఉన్నాయి. మా అమ్మాయికి కూడా ఇలాగే చేశారు. ఇతను కాదు, మా దగ్గరి స్టూడియోలో. దినం రోజుకు దండ వేయడానికి ఫోటో కావాలన్నారు చుట్టాలు. ఎంత వెతికినా దొరికింది ఆధార్ కార్డుదే, ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న పిల్లకు ఫోటో ఎక్కడుంటుంది. ఆ ముఖాన్ని కోసి, తెల్లగా చేసి, ఎవరిదో ఆకుపచ్చ పట్టుచీర, ఎవరిదో కాసుల పేరు, వెనక మబ్బులు. ఎంత కళగా ఉంది అన్నారు అందరూ. నేను ఆ రోజంతా ఎవరో పెళ్ళికూతురి ముందు కూర్చుని లేచాను. మర్నాడు మా ఆయన ఆ ఫోటోను బీరువా వెనక పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా ఇంట్లో ఆ ఫోటో గురించి మేం ఇద్దరం ఏకమైన సంగతి అదొక్కటే.

ఈ నీడకు పట్టుచీర కట్టలేరు. తెల్లగా చేయలేరు. చేస్తే గోడ అయిపోతుంది. మోచేతులు చూడండి, ఆ పొడుచుకొచ్చిన మోచేతులు తనవే, చిన్నప్పుడు పక్కలో పడుకున్నప్పుడు నా పక్కటెముకల్లో గుచ్చుకున్నవి. తల ఎడమకు వాల్చడం తనది, ఎడమ కన్ను మూయడం సరిగ్గా రాక తలనే వాల్చేది. ఎవరు గుర్తుపట్టకపోయినా నేను గుర్తుపడతాను, గుంపులో, మసక వెలుతురులో, వెనక నుంచి. కానీ ఇది కమిటీకి చెప్పే మాట కాదు. తల్లికి అలాగే ఉంటుంది అంటారు. తల్లికి అలాగే ఉంటుంది అన్న మాటతో ఏ సంగతినైనా పక్కన పెట్టేయవచ్చు, దాన్ని ఈ మధ్య ఎన్నిసార్లు విన్నానో.

మేడమ్, ఒకసారి చూపిస్తాను, నచ్చకపోతే వెనక్కి తెచ్చేస్తాను, అన్నాడు ఉమేష్. వ్యాను వచ్చే వేళవుతోంది, అతని భయం అతనిది. నేను అవుననలేదు, కాదనలేదు, బయట మెట్ల మీద ఇర్మె గిన్నెలవాడితో బేరమాడుతున్న గొంతు వింటున్నాను, ఈ గంజుకు చిల్లి పడితే నీ ఇల్లెక్కడో చెప్పి అమ్ము అంటోంది. తల తిప్పి చూసేసరికి తెర మీద ఒక మోచెయ్యి లేదు. ఎడమవైపు నుంచి మట్టి ఎత్తుతున్నాడు, కుడివైపు పూస్తున్నాడు. చెయ్యి మంచి చెయ్యి. భుజం పోయింది. మెడ పోయింది. తల కాసేపు ఒంటరిగా గోడ మీద గుండ్రంగా ఉండి, అదీ పోయింది. నేల మీద పడుకున్న భాగాన్ని గడ్డిపరకలతో కప్పేశాడు. అయిపోయింది మేడమ్, చూడండి, సాఫ్.

గోడ నిజంగా అందంగా ఉంది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఎండ, మట్టి, గడ్డి కప్పు, కప్పు అంచున ఒక పిచ్చుక ఉందని కూడా ఇప్పుడే చూశాను. ఎవరూ లేరు. ఆ సాయంత్రం అక్కడికి ఎవరూ రాలేదు. ఎండ దానంతట అది వచ్చి గోడను చూసి పోయింది. ఇలాంటి ఖాళీని నేను ఎరుగుదును, మా ఇంట్లో ఉంది, మంచం తీసేసి కడిగిన గది అది, చుట్టాలు వచ్చి ఇప్పుడు గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి అన్న గది. నేను ముందుకు వంగి చూశాను. ఒక చోట మట్టిలో ఇరుక్కున్న విరిగిన గడ్డిపోచ ఉంది, మూడు మూరల అవతల అదే గడ్డిపోచ, అదే విరుపుతో, మళ్ళీ ఉంది. ఇర్మె వేళ్ళు ఒక చోట గీసిన గీతే ఇంకో చోటా గీసినట్టుంది. ఎవరూ కనిపెట్టరు మేడమ్, అన్నాడు ఉమేష్, నా చూపు ఎక్కడుందో చూసి. అవును, కనిపెట్టరు, అన్నాను.

అప్పుడు ఇర్మె లోపలికి వచ్చింది, కొత్త గంజు నెత్తిన బోర్లించుకుని, ఎండకు అదే గొడుగైనట్టు. మా ఊరి మనిషి, నా కన్నా కాస్త పెద్దది, దోర్లీ మాట్లాడే ఇల్లు. ఇప్పపూలు రాలడం మొదలైతే ఆమెను ఎవరూ కదపలేరు, ఇంకా మొదలు కాలేదు కనుక వచ్చింది. నా గాదె ఇల్లంత పెద్దగ అచ్చు కొడతరంట గదా, సూడాలె, అని. గంజు దించి చంకన పెట్టుకుని తెర ముందు నిలబడింది. చాలాసేపు చూసింది.

"పిల్ల ఏది?" అంది.

"ఏ పిల్ల?" అన్నాడు ఉమేష్.

"నా గోడ మీద నిలబడ్డ పిల్ల. మొన్న టీచరమ్మ ఫోన్‌ల చూపెట్టింది. ఉండె గదా."

"అది నీడ అక్కా. తీసేశాం. నీడ పడితే ఫోటో ఖరాబ్ అంటారు."

"ఎవరంటరు?"

"జగదల్‌పూర్ సార్లు."

"గోడ వాళ్ళదా?" అంది ఇర్మె. తర్వాత నా వైపు తిరిగింది. "ఏంది టీచరమ్మా, నువ్వు తియ్యమన్నవా?"

నేను తప్పు పడిందంటున్నారు అన్నాను. ఫోటో తీసేవాళ్ళు తమ నీడ పడకుండా చూసుకోవాలి, తను చూసుకోలేదు, అన్నాను. ఆ వాక్యం నా నోటి నుంచే వచ్చింది, కమిటీ సారు గొంతుతో.

"సూసుకోలేదా?" అంది ఇర్మె. గంజును బల్ల మీద పెట్టింది, పెట్టిన చప్పుడుకు ఉమేష్ ఉలిక్కిపడ్డాడు. "మస్తు సూసుకున్నది. నీడ పడుతున్నదని ఆమెనే చెప్పింది. జర ఆ పక్కకు జరుగుత, అప్పుడు పడదు అన్నది. నేను వద్దన్న. ఆ పక్క మా పోయిన పెద్దోళ్ళ జాగ. వాళ్ళ కుండ ఆడనే ఉంటది. మా ఇంటోళ్ళు తప్ప ఎవరు కాలు పెట్టరు. మా కోడలు గూడ కొత్తల పండుగల మా ఇంటి కొత్త బియ్యం తిన్నంకనే ఆడికి పోయింది. ఇంకో పక్క ముండ్లకంప. నేనే ఆడ నిలబెట్టిన. సరే అన్నది. చెప్పులిడిచి నిలబడ్డది. ఒక్క అడుగు జరగలె."

పంకా తిరుగుతోంది, పెళ్ళి ఫోటోల అట్టలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

"మరి తీసింది కదా అక్కా, నీడతోనే," అన్నాడు ఉమేష్ చివరికి.

"ఊకె గురుతుకు ఒకటి కొట్టింది. పొద్దుగాల మళ్ళ వస్త ఇర్మత్తా, పొద్దుగాల ఎండ గాదెనక ఉంటది, అప్పుడు మంచిగ తీస్త అన్నది. గోడకు ఆనిచ్చిన కట్టెలు గూడ తీసి పెట్టిన నేను. పొద్దంత సూసిన." ఇర్మె కొంగుతో గంజు అంచు తుడిచింది, దానికేమీ అంటలేదు. "రాలె."

రాలేదు. రాత్రి చలి అంది. ఉదయానికి ఒళ్ళు కాలుతోంది, నేను గాదె దగ్గరికి పోవాలి అంటోంది, నేను జ్వరంలో మాట అనుకున్నాను, ఏ గాదె అని అడగలేదు, దుప్పటి కప్పాను. తర్వాత మాటలు తెలుగులోనూ లేవు, హిందీలోనూ లేవు. మా ప్రాంతంలో ఆ జ్వరం కొత్తది కాదు, కోతల కాలంలో ఏదో ఒక ఇంటికి వస్తుంది, తలకెక్కితే ఆగదు. అదంతా నేను లోపల చాలాసార్లు నడిచిన దారే, దాని మీద ఇక నా పాదాలకు బొబ్బలు కూడా రావు. కానీ ఆ మాట ఇవాళ కొత్తగా వినిపిస్తోంది. నేను గాదె దగ్గరికి పోవాలి. జ్వరంలో మాట కాదు. పని ఉండి అన్న మాట. ఇర్మె కట్టెలు పక్కకు తీసిపెట్టి ఎదురుచూస్తోంది, అది మా అమ్మాయికి తెలుసు.

వెనక్కి తీసుకురా, అన్నాను ఉమేష్‌తో. అతను ఒక మీట నొక్కాడు. నేల మీది గడ్డిపరకలు పోయి నీడ కాళ్ళు వచ్చాయి. మళ్ళీ నొక్కాడు. తల వచ్చింది, ముందు సగం, తర్వాత మొత్తం. మెడ. ఒక భుజం. ఇర్మె నా కుర్చీ వీపు పట్టుకుని వంగి చూస్తోంది, ఆమె దగ్గర పొగాకు, పేడ, బస్సు వాసన. ఇంకా ఉంది, ఇంకా ఉంది, అంటోంది ఉమేష్‌కు, దోర్లీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మోచెయ్యి వచ్చింది. రెండోది కూడా వచ్చాక ఉమేష్ మీట మీద నుంచి వేలు తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

సరే రామతులసీ, ఇప్పుడు నాకూ నీకూ మధ్య మాట. నువ్వుంటే దీన్ని ఉంచవు, నాకు తెలుసు. ఇది గుర్తు కోసం కొట్టిన ఫోటో, మర్నాడు ఉదయం మంచిది తీశాక దీన్ని చెరిపేసేదానివి, చెరిపేసి ఆ సంగతి మరిచిపోయేదానివి. నీ పని నీకు పద్ధతిగా ఉండాలి. అమ్మా, పరువు తీయకు, అంటావు. అను. తీసెయ్యాలంటే నువ్వే వచ్చి తీసెయ్యి, నేను తీయను. నీ నియమం నువ్వు పెట్టుకున్నదే చెబుతున్నాను విను, గాదెవాళ్ళు పెట్టినవి ఉండాలి, నువ్వు తెచ్చినవి పోవాలి. నిన్ను అక్కడ నిలబెట్టింది గాదెమనిషి. సంచి కాదు నువ్వు, నీళ్ళ సీసా కాదు. పరాయి ఇంటి పెద్దల దగ్గర ఎంత దూరంలో ఆగాలో అంత దూరంలో ఆగావు, ఆగిన చోటు ఈ గోడ మీద పడింది. కావలసిన వెలుతురు కోసం ఎవరి గడపైనా తొక్కి తీసిన చక్కని ఫోటోలు ఆ హాలునిండా ఉంటాయేమో, నాకు తెలియదు. నీ గోడ మీద మాత్రం నువ్వు తొక్కలేదని ఉంది. దీన్ని తప్పు అంటే నేను ఒప్పుకోను. నువ్వన్నా ఒప్పుకోను. చచ్చిపోయినవాళ్ళ మాటే నెగ్గాలని ఎక్కడా లేదు, నువ్వు నాకన్నా ముందు పోయావు కనుక నీకు పెద్దరికం రాదు, నేను ఇంకా నీ అమ్మనే.

ఫోను మోగింది. సారే. వ్యాను ఎక్కడో దగ్గరికి వచ్చిందట, ఫైలు సరిచేశారా అని అడిగాడు. హిందీలోనే మాట్లాడాను, బడిలో మాట్లాడే హిందీ, కర్తా కర్మా క్రియా వరసగా ఉండేది, నాకు వేరే హిందీ రాదు.

"నీడ ఉంటుంది సార్," అన్నాను.

మీ బాధ నాకు అర్థమవుతుంది మేడమ్, కానీ రూలు అందరికీ ఒకటే, అన్నాడు.

"బాధ సంగతి కాదు సార్. ఆ గాదె పక్కన పరాయివాళ్ళు కాలు పెట్టకూడని చోటు ఉంది. మా అమ్మాయి పెట్టలేదు. అందుకు నీడ పడింది. తీసేస్తే ఆమె ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు."

చూసేవాళ్ళకు ఇదంతా ఎలా తెలుస్తుంది మేడమ్, వాళ్ళకు నీడే కనిపిస్తుంది.

"కనిపిస్తే అడుగుతారు. చెబుతాం."

అలా అయితే వ్యానులో పెట్టలేం మేడమ్, నా చేతుల్లో లేదు, అన్నాడు. ఆ మాటలో కొంచెం సిగ్గుంది, అది నాకు వినిపించింది, దాన్ని నేను ఊతం చేసుకోలేదు. వద్దు సార్, నేనే తెస్తాను, అని ఫోను పెట్టేశాను.

"ఏమన్నడు?" అంది ఇర్మె.

"వ్యానులో జాగా లేదంట."

"మన బస్సుల ఉన్నది గదా జాగ," అంది. "మేకలను గూడ ఎక్కిచ్చుకుంటడు."

ఉమేష్ అచ్చు మొదలుపెట్టాడు. కమిటీ చెప్పిన కొలత కన్నా పెద్దది వేస్తున్నాను మేడమ్, కాగితం ఎలాగూ వెడల్పుది ఉంది, అన్నాడు, నేనేమీ అడగకుండానే. కింద ఏం రాయాలి అన్నాడు. రూలు ప్రకారం కట్టడం పేరు, ఊరి పేరు, తీసినవారి పేరు. ఇర్మె గాదె, పడమటి గోడ, అని చెప్పాను. మద్దేడ్ దగ్గర. తర్వాత రామతులసి అని చెప్పాను, తీసినవారు అన్న మాట లేకుండా రాయి, ఉత్త పేరే. అతను రాశాడు. ఇర్మె తన పేరు ఎక్కడుందో చూపించమని, వేలితో తడిమింది, తెర అద్దానికి వేలిముద్ర అంటింది. మిషను నుంచి గోడ మెల్లగా బయటికి రావడం మొదలైంది, కప్పు ముందు, పిచ్చుక, ఆ తర్వాత తల. వ్యాను అప్పుడే వచ్చి బయట ఆగింది, ఒక మనిషి వచ్చి కట్టి ఉంచిన ఫోటోలు ఎత్తుకున్నాడు, మిషను వైపు ఒకసారి చూసి, ఇదేనా అది, అన్నాడు ఉమేష్‌తో. ఇదే, అన్నాడు ఉమేష్. ఆ మనిషి ఇంకాస్సేపు చూసి వెళ్ళిపోయాడు.

ఉమేష్ కాగితం చుట్టచుట్టి, నలగకుండా పాత పరదా గుడ్డలో కట్టి ఇచ్చాడు. మేం చౌరస్తాకు వచ్చేసరికి బీజాపూర్ బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. పొద్దున మమ్మల్ని దించిన కండక్టరే గుర్తుపట్టి, మేడమ్, చలో, సీటుంది, అని పిలిచాడు. మా ఆయన ఈపాటికి చేను నుంచి వచ్చి ఉంటాడు, మూత తీసి అన్నం చూసి మళ్ళీ మూత పెట్టి ఉంటాడు. ఇవాళ రాలేమని ఫోను చేయాలి. ఎందుకు రాలేమో కూడా చెప్పాలి, అంతా, మొదటి నుంచీ. నేను కండక్టర్‌కు చేత్తో పొమ్మని చూపించి రోడ్డు దాటడం మొదలుపెట్టాను, జగదల్‌పూర్ బస్సులు ఆగే వైపు. ఇర్మె గంజు మళ్ళీ నెత్తిన బోర్లించుకుని నా పక్కకు వచ్చింది.

"లోపలికి రానియ్యకపోతె?" అంది, రోడ్డు మధ్యలో.

"గుమ్మం బయట నిలబడదాం. చుట్ట విప్పి చెరొక కొస పట్టుకుందాం."

ఒక లారీ పోయేదాకా ఆగాం.

"అయితె నేను గోడ దిక్కు పట్టుకుంట," అంది ఇర్మె. "నువ్వు పిల్ల దిక్కు పట్టుకో."